రీబూట్ చేసినా నిలవాలి

అమీర్‌పేటలో లినక్స్ పాఠాలు చెబుతాను. డెమో క్లాసుకి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు: "సర్, డంప్స్ ఇస్తారా?" సర్టిఫికేషన్ పరీక్ష రాసొచ్చినవాళ్లు గుర్తుపెట్టుకున్న ప్రశ్నలను పోగేసి, జవాబులతో సహా అమ్మే పీడీఎఫ్‌లే డంప్స్. ప్రశ్నలు బయటపెట్టనని పరీక్షకు ముందు అభ్యర్థులంతా ఒప్పుకున్నవాళ్లే. అయినా ఈ వ్యాపారం ఆగదు.

పరీక్ష సెంటర్లో కాపలా గట్టిదే. ఫోను, వాచీ లాకర్లో పెట్టాలి. జేబులు తిరగేసి, చొక్కా చేతులు మడిచి చూపించాలి. కళ్లజోడు కూడా పరిశీలిస్తారు. ఇంటి నుంచి రాస్తే గదంతా కెమెరాకి చూపాలి. చీటీలకైతే ఇవి సరిపోతాయి. బట్టీ కొట్టి బుర్రలో మోసుకొచ్చిన జవాబుని ఏ కెమెరా పట్టుకుంటుంది? అందుకే పరీక్ష అయ్యాక కూడా జవాబుల్ని జల్లెడ పడతారు. ఆలోచించాల్సిన ప్రశ్నకి చదివే టైమైనా తీసుకోకుండా జవాబు పెట్టేశాడా? చాలామంది ఒకే రకం తప్పులు చేశారా? అనుమానం రుజువైతే సర్టిఫికెట్ రద్దవుతుంది.

నాకు వీటన్నిటికన్నా రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష మీద గురి ఎక్కువ. అందులో టిక్కులు పెట్టే పని లేదు. నడుస్తున్న మెషీన్ ఇచ్చి పనులు చెబుతారు. 300కి 210 వస్తే పాస్. చేసిన మార్పులు రీబూట్ తర్వాత కూడా నిలవాలి. నా క్లాసులో పిల్లలు జారిపోయేది ఇక్కడే. కొత్త డిస్కు భాగాన్ని మౌంట్ చేస్తారు, తెరమీద చక్కగా కనిపిస్తుంది. ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో దాని వివరం రాయడం మరిచిపోతే రీబూట్ అయ్యాక మౌంట్ ఉండదు. రాసిందాంట్లో ఒక్క అక్షరం తప్పినా మెషీన్ పూర్తిగా లేవకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు. అప్పుడు రూట్ పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి, ఆ వరుస వెతికి, దిద్ది, మళ్లీ రీబూట్ చేయాలి. ప్రశ్న ముందే తెలిసినా ఈ పని చేతికి అలవాటు లేనివాడు గట్టెక్కడం కష్టం.

ఇలాంటి పరీక్ష పెట్టడం ఖర్చుతో కూడిన పని, నిజమే. కానీ అప్పు తెచ్చి ఫీజు కట్టి, రాత్రింబవళ్లు ల్యాబ్‌లో కూర్చున్న పిల్లకీ, పీడీఎఫ్ కొన్నవాడికీ ఒకే కాగితం చేతికొస్తే నేను ఓర్చుకోలేను. పరీక్షల్లో అక్రమాల మీద 2024లో కేంద్రం తెచ్చిన చట్టం యూపీఎస్సీ, రైల్వే, బ్యాంకు కొలువుల వంటి పరీక్షలకే. ప్రైవేటు సర్టిఫికేషన్లు దాని కిందికి రావు. కాబట్టి ఉద్యోగమిచ్చే కంపెనీలే పూనుకోవాలి. రెజ్యూమెలో సర్టిఫికెట్ పేరు చూసి ఆగిపోకండి. ఇంటర్వ్యూలో అరగంట కేటాయించి, బూట్ కాని మెషీన్ ఒకటి ముందు పెట్టండి.