డప్పు దరువుకు డిస్టార్షన్ తోడైతే...

శనివారం సాయంత్రం. అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డు ఎక్కితే అజీజ్‌నగర్, మొయినాబాద్, ఆ తర్వాత చేవెళ్ల. అటూ ఇటూ ఊడలు దిగిన మర్రిచెట్లు. వాటి వెనక ఎత్తయిన గేట్లతో ఫామ్‌హౌస్‌లు. లోపల్నుంచి డీజే మోత. రోడ్డు దిగి ఏ ఊళ్లోకి మళ్లినా, బోనాలో పెళ్లి బరాతో ఉందంటే డప్పు మోగాల్సిందే. ఇదే దారిలో మూడో సంగీతం కూడా ఉంది. అది బయటికి వినపడదు. ఇంజినీరింగ్ కాలేజీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తలూపుతున్న కుర్రాడికే తెలుసు. దాని పేరు మెటల్.

మూడూ ఒకే రోడ్డు మీదున్నా ఒకదాన్నొకటి పలకరించుకోవు. పలకరించుకుంటే ఎలా ఉంటుందో వినాలంటే మాత్రం... వియత్నాం దాకా వెళ్లాలి!

హనోయ్ నగరంలో విండ్‌రన్నర్ అనే బృందం ఉంది. 2021లో వాళ్ల తొలి ఆల్బం వచ్చింది. పేరు 'మై'. వియత్నామీస్‌లో ఈ మాటకు రేపు అని అర్థం. వాళ్ల కొత్త సంవత్సరం టెట్ పండక్కి పూసే ఓ పువ్వు పేరూ అదే. ప్రోగ్రెసివ్ మెటల్‌కోర్‌లో తమ దేశపు సంప్రదాయ సంగీతాన్ని కలిపారు వాళ్లు. ముందు నిలబడి పాడేది ఓ అమ్మాయి. తేనెలా పాడుతున్న గొంతే మరుక్షణం గర్జిస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు పాడుతున్నది ఇద్దరనుకుంటారు.

అరుపులేనా?

మెటల్ అనగానే 'ఆ అరుపులు ఎవరు వింటారు బాబూ' అనేవాళ్లే ఎక్కువ. కానీ దాని పుట్టుక తెలిస్తే కాస్త మెత్తబడతాం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. అక్కడి బ్లాక్ సబ్బాత్ బృందంలో గిటారిస్టు టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. వేళ్లకు ప్లాస్టిక్ తొడుగులు తనే తయారు చేసుకున్నాడు. తర్వాత తీగలు బాగా వదులు చేసి, శ్రుతి తగ్గించి వాయించాడు. ఆ బరువైన మోతే ఓ సంప్రదాయమైంది. 1970లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బంతోనే మెటల్ మొదలైందంటారు.

దానికి హార్డ్‌కోర్ పంక్ తోడైతే మెటల్‌కోర్. పాట ఉరుకుతూ ఉరుకుతూ ఒక్కసారిగా నెమ్మదించి, సుత్తి దెబ్బల్లా సాగే ఘట్టమొకటి ఇందులో తప్పనిసరి. దాన్ని బ్రేక్‌డౌన్ అంటారు. ఇక 'ప్రోగ్రెసివ్' అంటే లెక్కల వ్యవహారం. ఐదులూ ఏడులూ కలిసిన తాళాలు, గిటార్ ఒక లెక్కలో డ్రమ్స్ మరో లెక్కలో నడిచి ఎక్కడో కలుసుకోవడం. మనవాళ్లకు ఇదేమంత కొత్త కాదు. ఖండచాపు, మిశ్రచాపు తెలిసిన మృదంగ విద్వాంసుడు స్వీడన్ బృందం మెషుగ్గాను వింటే లెక్క పట్టేసుకుంటాడు.

ఇంకో తమాషా ఉంది. అరచేత్తో తీగల్ని నొక్కిపట్టి వాయిస్తే వచ్చే శబ్దాన్ని బట్టి ఈ తరహా సంగీతానికి 'జెంట్' అని పేరు పెట్టారు. మోత వినిపించినట్టే పేరు పెట్టడం మనకు కొత్తా? డప్పు మోగితే 'డండనక' అనడం లేదూ!

వియత్నాం సంప్రదాయ వాద్యాల్లో 'డాన్ బౌ' అని ఒకటుంది. దానికి ఒకటే తీగ, మెట్లుండవు. కుడిచేత్తో మీటుతూ ఎడమచేత్తో ఓ సన్నటి కర్రను వంచితే స్వరం జారుతుంది, వణుకుతుంది, ఏడుస్తుంది. గమకం అన్నమాట. వాళ్ల బాణీలు చాలావరకు ఐదు స్వరాల మీదే నడుస్తాయి. మన మోహన, హిందోళ రాగాల్లోనూ ఐదే స్వరాలు. అందుకే ఆ సంగీతం మన చెవికి పరాయిదిగా తోచదు.

అదే ఏడాది మన దగ్గర...

హైదరాబాద్‌లో మెటల్ లేదనుకుంటే పొరపాటు. గాడ్‌లెస్ అనే బృందం 2016లో ఒకటి, 2018లో ఒకటి చిన్న రికార్డులు చేసి, పూర్తి స్థాయి తొలి ఆల్బం 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' 2021లోనే విడుదల చేసింది. అంటే హనోయ్ ఆల్బం వచ్చిన ఏడాదే! విశాఖ కుర్రాళ్ల బృందం అగెయినెస్ట్ ఈవిల్ తొలి ఆల్బం 'ఆల్ హెయిల్ ద కింగ్' 2018లో వచ్చింది. ఇద్దరూ దిట్టలే. కాకపోతే పాటలు ఇంగ్లిష్‌లో. కళ్లు మూసుకుని వింటే ఈ బృందం జర్మనీదో అమెరికాదో అనుకుంటాం. అది తప్పేమీ కాదు. ఎవరి ఇష్టం వారిది. అయినా ఓ వెలితి.

ఆ వెలితిని కొంత పూడ్చింది బెంగళూరు. అక్కడి అగమ్ బృందం తొలి ఆల్బం 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్' 2012లో వచ్చింది. కర్ణాటక సంగీతాన్ని రాక్ గిటార్ల మధ్య నిలబెట్టిన ఈ బృందం త్యాగరాజస్వామి తెలుగు కీర్తనల్నీ అలాగే వినిపిస్తుంది. కొచ్చికి చెందిన మదర్‌జేన్ 2008లోనే 'మక్తూబ్'లో గిటార్ చేత గమకాలు పలికించింది. ఢిల్లీ బృందం బ్లడీవుడ్ 2022లో 'రక్షక్' అంటూ ఢోల్‌ను మెటల్‌లోకి దింపి ప్రపంచమంతా తిరిగింది. బయట చూస్తే బ్రెజిల్ బృందం సెపుల్తురా 1996లోనే 'రూట్స్' కోసం షవాంటే గిరిజనుల దగ్గరికి వెళ్లి, వాళ్లతో కలిసి రికార్డు చేసుకొచ్చింది. మంగోలియా 'ది హూ' 2019లో గుర్రపు తల ఫిడేలుతో తొలి ఆల్బం తెచ్చింది.

మరి డప్పు?

చిర్రా సిటికెన పుల్లా

చేవెళ్ల వైపు డప్పు మోగని పండగుండదు. బోనాలు, పీర్లు, దసరా, పెళ్లి, చివరికి చావు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. లావుపాటి చిర్ర దరువు వేస్తే, సన్నటి పుల్ల సందుల్లో చిటపటలాడుతుంది. రెండు చేతులూ రెండు లెక్కలు. ఇయర్‌ఫోన్ల కుర్రాడు ప్రోగ్రెసివ్ అని మురిసిపోయేది దీన్ని చూసే కదా!

ఊరేగింపుల్లో వినే తీన్‌మార్ కథ ఇంకా చిత్రం. దాని మూలం హైదరాబాద్ మర్ఫా. యెమెన్ ప్రాంతపు అరబ్బులు, నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికన్ సిద్దీలు వెంట తెచ్చుకున్న మోత అది. ఇప్పుడు మన బరాత్‌లో అది లేకపోతే కాలు కదలదు. కలపడం మనకు తెలియని విద్య కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. డప్పు ఎక్కువగా మాదిగ కుటుంబాల చేతుల్లో ఉన్న వాద్యం. ఒకప్పుడు చాటింపుకైనా శవయాత్రకైనా పిలిస్తే వెళ్లాల్సిందే, కూలీ అడగకూడదు. వెట్టి. అందుకే కొందరు పిల్లలు ఆత్మగౌరవం కోసం డప్పు కింద పెట్టేశారు. మరికొందరు అదే ఆత్మగౌరవం కోసం మళ్లీ ఎత్తుకున్నారు. తెలంగాణ ఉద్యమంలో డప్పు లేని సభ ఉందా? ఇంత చరిత్ర ఉన్న వాద్యాన్ని పాట మధ్యలో పది సెకన్లు 'ఫోక్ టచ్' కోసం వాడుకుని వదిలేస్తే అది కలపడం కాదు, ఊరికే పోపు పెట్టడం.

అంతకంటే అన్యాయం ఇంకొకటుంది. ఇప్పుడు డప్పు మోత కంప్యూటర్‌లో శాంపిల్‌గా దొరుకుతోంది. మీట నొక్కితే చాలు, మనిషి అక్కర్లేదు. ఫామ్‌హౌస్ డీజే అదే మోగిస్తాడు. పక్క ఊళ్లో ఉన్న వాద్యగాడికి ఫోన్ వెళ్లదు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రదర్శకుడికీ రాయల్టీ హక్కు ఇచ్చింది. కానీ ఆల్బం మీద పేరే లేనివాడు ఏమని అడుగుతాడు? కాబట్టి బృందంలో గిటారిస్టుకు ఎంత వాటానో డప్పు వాయించేవాడికీ అంతే వాటా ఉండాలి. పాట కట్టేటప్పుడే అతను గదిలో ఉండాలి.

ఉంటే పాటా మారుతుంది. ఇందుకు మన పాలకొల్లు సాక్ష్యం. అక్కడ పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, గమకం పలకదన్న పరాయి వాద్యాన్ని తీసుకుని, నాలుగు జతల తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టి, దానికి కరెంటు కలిపారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయనకు పద్నాలుగేళ్లు. వాద్యమూ మారింది, దాన్ని వినే చెవులూ మారాయి.

డప్పుతో పనిచేయాలంటే గిటార్ కూడా కాస్త తగ్గాలి. రెండూ ఒకేసారి మోగితే ఎలక్ట్రిక్ మోత డప్పును మింగేస్తుంది. అదృష్టవశాత్తూ బ్రేక్‌డౌన్‌లో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉంటుంది. సిటికెన పుల్లకు ఆ సందు చాలు.

ఇక మిగిలింది ఒక్క ఇబ్బంది. తోలు డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచాలి. చల్లబడితే మళ్లీ కాచాలి. ఫైబర్ డప్పుకు ఆ బాధ లేదు కానీ దాని మోత గరుకు. చుట్టూ స్పాంజి అతికించిన ఏసీ స్టూడియోలో గడ్డి మంట వేస్తామంటే ఒప్పుకునేదెవరు? మొయినాబాద్ ఫామ్‌హౌస్ అయితే సరిగ్గా సరిపోతుంది. పెద్ద పెరడుంటుంది, అర్ధరాత్రి మోతకు అలవాటు పడిన గోడలుంటాయి. అద్దె మాత్రం డీజే పార్టీ వాళ్లిచ్చినంత ఇచ్చుకోవాలి.