ఒకే నీటి మీద కాపురాలు

ఇంగ్లండ్‌ కాలువల్లో పడవనే ఇల్లు చేసుకుని బతుకుతున్నవాళ్లు వేల మంది. అక్కడ ఒకరి మరుపు మరొకరి ఇంటిని ఒరిగేలా చేస్తుంది. ఒకరి జాగ్రత్త ముక్కూమొహం తెలియని పదిమందిని కాస్తుంది.

మిల్టన్‌ కీన్స్‌లోనో స్లౌలోనో ఉన్న మనవాళ్ల ఇంటికి వెళ్లినవారు సాయంత్రం నడకకని కాలువ గట్టెక్కే ఉంటారు. గట్టు వారగా పొడుగాటి పడవలు వరసగా కట్టేసి కనిపిస్తాయి. వెడల్పు ఏడడుగులు, పొడవు కొన్నింటికి డెబ్బై అడుగుల దాకా. పైకప్పు మీద కట్టెలు, బొగ్గు బస్తాలు, సోలార్‌ పలకలు, ఒక సైకిలు, కుండీలో పుదీనా. ముచ్చటపడి ఫొటో తీసుకుని వచ్చేస్తాం. వాటిలో కొన్ని సెలవులకి షికారు వచ్చినవాళ్లవి. మిగిలినవాటిలో నర్సులు, వడ్రంగులు, టీచర్లు, పింఛనుదారులు, చంటిపిల్లల తల్లులు కాపురముంటున్నారు.

ఇంగ్లండ్‌, వేల్స్‌లలో దాదాపు 2,000 మైళ్ల కాలువల్నీ నదుల్నీ 2012 నుంచి కెనాల్‌ అండ్‌ రివర్‌ ట్రస్ట్‌ అనే ధార్మిక సంస్థ చూస్తోంది. దాని దగ్గర లైసెన్సున్న పడవలు ముప్పై వేలకు పైనే. లండన్‌ అద్దెలు భరించలేక పడవెక్కినవాళ్లు ఈ పదిహేనేళ్లలో బాగా పెరిగారు. ఫ్లాట్‌లో పక్కింటివాళ్ల పేరు తెలియకుండా పదేళ్లు గడిపేయొచ్చు. పడవలో వారం కూడా కుదరదు.

మొదటి కారణం లాకులు.

ధవళేశ్వరంలోనో విజ్జేశ్వరంలోనో లాకులు చూసినవాళ్లకి వాటి పని చెప్పక్కర్లేదు. 1852 నాటికి గోదావరి ఆనకట్ట పూర్తిచేసిన కాటన్‌ దొర, డెల్టా కాలువల్ని సేద్యంతో పాటు పడవల రాకపోకలకీ పనికొచ్చేలా తవ్వించాడు. అప్పటికే ఇంగ్లండ్‌లో అది పాతబడిన విద్య. నేల ఎత్తు మారినచోట రెండు వైపులా తలుపులతో ఒక తొట్టి కడతారు. పడవ లోపలికి వచ్చాక తలుపులు మూసి, తూములెత్తి నీళ్లు నింపితే పడవ పైకి లేస్తుంది. నీళ్లు వదిలితే కిందికి దిగుతుంది. మన లాకుల దగ్గర ఆ పనికి లస్కర్లుండేవారు. అక్కడ చాలాచోట్ల పడవవాళ్లే లస్కర్లు. ప్రతి పడవలోనూ తూములు తిప్పే ఇనప హ్యాండిల్‌ ఒకటుంటుంది. చుక్కాని దగ్గర ఒకరుంటే, ఇంకొకరు గట్టు మీదికి దూకి ఆ హ్యాండిల్‌తో పని మొదలుపెడతారు.

ఒక ఇరుకు లాకు ఒక్కసారి ఖాళీ అయితే లక్ష లీటర్లకు పైగా నీళ్లు దిగువకి పోతాయి. ఆ నీళ్లు ఎగువన ఉన్న కాలువవి. పైన ఒక లాకు, కింద ఒక లాకు, మధ్యలో నిలిచిన నీటి మీద కట్టేసిన పడవలు. దిగువ లాకు దాటినవాడు తొందరలో తూము పూర్తిగా దించకుండా వెళ్లిపోయాడనుకోండి. తలుపులు సరిగ్గా బిగిసి లేకపోతే రాత్రంతా నీళ్లు కారిపోతూనే ఉంటాయి. తెల్లారేసరికి పైనున్న పడవలు బురదలో ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. మంచం వాలు తిరుగుతుంది, అరల్లో గిన్నెలు నేల మీదికొస్తాయి. మళ్లీ నీళ్లు పెట్టాలంటే సిబ్బంది రావాలి, పైనుంచి జాగ్రత్తగా వదలాలి. కాబట్టి కాలువ మీద కొత్తగా కాపురం పెట్టినవాడికి పాతవాళ్లు నేర్పే మొదటి పాఠం, లాకు దాటాక వెనక్కి తిరిగి తూములన్నీ దిగాయో లేదో చూసుకోవడం. ఎవరో వదిలేసిన తూము కనిపిస్తే, కుక్కని తిప్పడానికి వచ్చినవాడైనా సరే ఇంటికెళ్లి హ్యాండిల్‌ తెచ్చి దించేస్తాడు.

దిగువకి వెళ్లేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఎగువ తలుపుల కింద తొట్టిలోకి చొచ్చుకొచ్చిన రాతి గడప ఒకటుంటుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు అది కనిపించదు. పడవ వెనక భాగం దాని మీద ఆనుకుందంటే, నీళ్లు దిగేకొద్దీ ముందు భాగం కిందికి కుంగుతుంది. లోపలికి నీళ్లొచ్చాయంటే నిమిషాల్లో ఇల్లంతా మునుగుతుంది. అందుకని తూము దగ్గరున్న మనిషి చుక్కాని దగ్గరి మనిషి మీంచి చూపు తిప్పకూడదు. ఒక్క కేక వినపడితే తూము దించెయ్యాలి. తూము దగ్గరున్నది తన భార్యో కొడుకో కాకపోవచ్చు. వెనక వరసలో నిలబడి, చెయ్యి సాయానికి వచ్చిన పరాయి పడవ మనిషి కావచ్చు. ఇల్లూ ప్రాణమూ కాసేపు అతని చూపు మీద ఆధారపడి ఉంటాయి. మాటా మంతీ అక్కడే మొదలవుతాయి.

డివైజిస్‌ ఊరి దగ్గర కేన్‌ హిల్‌ లాకులు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. రెండు మైళ్లలో 29 లాకులు, మొత్తం 237 అడుగుల ఎత్తు. ఆ లాకుల వెడల్పుకి రెండు పడవలు పక్కపక్కన పడతాయి. ఒక్క పడవే వెళ్తే సగం నీళ్లు వృథా, పనీ రెట్టింపు. కాబట్టి కింద ఎదురుచూసి జత వెతుక్కుంటారు. పొద్దున్నదాకా పేరు కూడా తెలియని రెండు కుటుంబాలు సగం రోజు కలిసి తలుపులు తోస్తాయి, టీ పంచుకుంటాయి. పైకి చేరేసరికి ఎవరి ఇంజన్‌ ఎంత పొగ వదులుతుందో, ఎవరి మోకాలికి ఆపరేషనైందో తెలిసిపోతుంది. ఇరుగుపొరుగు అనే బంధానికి కలిసి చేసే పనిని మించిన పునాది లేదని నేను నమ్ముతాను. విందులతోనో వాట్సాప్‌ గ్రూపులతోనో అది కుదరదు.

లాకులు లేనిచోట మోకులున్నాయి. గట్టులో ఇనప మేకులు దిగ్గొట్టి, మోకులతో పడవని కడతారు. కాలువల్లో వేగ పరిమితి గంటకి నాలుగు మైళ్లు. కట్టేసిన పడవల పక్కనుంచి వెళ్లేటప్పుడు అంతకన్నా బాగా తగ్గించాలి. లేకపోతే నీటి ఊపుకి మేకులు ఊడొస్తాయి, పొయ్యి మీది గిన్నె ఒలికి ఎవరి చెయ్యో కాలుతుంది. మోకు తెగి కాలువకి అడ్డం తిరిగిన పడవ కనిపిస్తే, యజమాని ఎవరని విచారించకుండా ముందు పట్టి కట్టేస్తారు. లండన్‌లో చోటు చాలక పడవ పక్కన పడవ కడతారు. బయటి పడవ మనిషి ఇంటికి వెళ్లాలంటే లోపలి పడవ మీంచి దాటాలి. అర్ధరాత్రి మెల్లగా అడుగువేయడమూ, కిటికీలోకి తొంగిచూడకపోవడమూ అక్కడి మర్యాద. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంజన్‌, జనరేటర్‌ వేయరు. పక్క పడవ పొగలోని కార్బన్‌ మోనాక్సైడ్‌ మన గదిలోకీ రాగలదు. 2019 ఏప్రిల్‌ నుంచి పడవ భద్రతా పరీక్షలో ఆ వాయువుని పసిగట్టే అలారం తప్పనిసరైంది. చలికాలం పొద్దెక్కినా ఒంటరి ముసలాయన పొగగొట్టంలోంచి పొగ రాకపోతే పక్కవాళ్లు వెళ్లి తలుపు తడతారు.

అందరూ ఇలాగే ఉంటారని కాదు. నీళ్ల కుళాయి దగ్గర ట్యాంకు నిండడానికి గంట పడుతుంది. నిండాక కూడా అక్కడే వంట మొదలుపెట్టేవాళ్లున్నారు. మరుగుదొడ్డి డబ్బా ఖాళీ చేసే చోటుని కడగకుండా వదిలేసేవాళ్లున్నారు. గొడవలవుతాయి. అయినా నాలుగు రోజుల తర్వాత అదే మనిషి పక్కన లాకులో నిలబడాల్సి వస్తుంది కాబట్టి, ఆ గొడవలు ఎక్కువకాలం నిలవవు.

ఈ కాలువలు ఇవాళ ఉండటమే ఒక శ్రమదానం కథ. ఒకప్పుడు వీటి మీద బొగ్గు, ధాన్యం, కుండలు మోసిన పడవ కుటుంబాలుండేవి. రైళ్లు వచ్చి బాడుగలు పడిపోయాక, కూలీ మిగుల్చుకోవడానికి పడవవాళ్లు ఇంటి అద్దె మానేసి పెళ్లాం పిల్లల్ని పడవెక్కించారు. పదడుగుల గదిలో సంసారం. ఆ ఇరుకునీ పిల్లల చదువులేమినీ జార్జి స్మిత్‌ అనే సంస్కర్త ఎలుగెత్తి చెప్పగా 1877లో పడవ ఇళ్లకి ఒక చట్టం వచ్చింది. 1962-63 చలికాలం కాలువలు వారాల తరబడి గడ్డకట్టడంతో ఆ సరుకు రవాణా దాదాపు ముగిసింది. పూడిపోతున్న కాలువల్ని కాపాడాలని 1946లోనే ఇన్లాండ్‌ వాటర్‌వేస్‌ అసోసియేషన్‌ ఏర్పడింది. మామూలు జనం సెలవు రోజుల్లో పారా పలుగూ పట్టుకుని బురద ఎత్తిపోశారు. కేన్‌ హిల్‌ ఉన్న కెనెట్‌ అండ్‌ ఏవన్‌ కాలువ అలాగే 1990లో తిరిగి తెరుచుకుంది. 2001లో హడర్స్‌ఫీల్డ్‌ నారో కాలువ. ఇవాళ్టికీ లాకుల దగ్గర నీలం చొక్కాలతో సాయపడేవాళ్లలో చాలామంది జీతం లేని వాలంటీర్లే.

ఇంత పరస్పర సాయం ఉన్నచోట ఒక నియమం మాత్రం కుటుంబాలని నలిపేస్తోంది. సొంత రేవు లేని పడవ ఒకచోట 14 రోజులకి మించి ఉండకూడదని 1995 నాటి బ్రిటిష్‌ వాటర్‌వేస్‌ చట్టం అంటుంది. దాని ఉద్దేశం మంచిదే. గట్టు పరిమితం, అందరికీ వంతు రావాలి. కదలకుండా పాతుకుపోయినవాడు ఇంకొకరి వంతు తింటున్నట్టే. పడవవాళ్లలోనే చాలామంది ఈ నియమాన్ని సమర్థిస్తారు. కానీ బడికెళ్లే పిల్లలున్న తల్లికి రెండువారాలకోసారి ఇల్లు కదపడమంటే, ఒక పక్షం బడి గంటన్నర దూరంలో ఉండటం. దానికితోడు, ఇలా తిరిగే పడవల లైసెన్సు మీద ట్రస్ట్‌ 2024 నుంచి అదనపు రుసుము మొదలుపెట్టి ఏటా పెంచుతోంది. ప్రభుత్వ గ్రాంటు తగ్గబోతోంది, కాలువల్ని ఎక్కువగా వాడేవాళ్లు ఎక్కువ కట్టాలి అన్నది ట్రస్ట్‌ వాదన. రేవు కొనలేని పేదవాళ్ల మీదే భారం వేస్తారా అని 2009లో ఏర్పడిన నేషనల్‌ బార్జీ ట్రావెలర్స్‌ అసోసియేషన్‌ ప్రశ్న.

డబ్బు సంగతిలో ట్రస్ట్‌ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. గట్లు కూలితే బాగుచేయాల్సింది వాళ్లే. పిల్లల విషయంలో మాత్రం వాళ్ల దగ్గర సాకు లేదు. పరిస్థితిని బట్టి సమంజసమైతే 14 రోజులకి మించి ఉండనివ్వొచ్చని అదే చట్టంలో, అదే వాక్యంలో ఉంది. ఇంజన్‌ చెడిపోయినవాళ్లకీ జబ్బుపడినవాళ్లకీ దాన్ని వర్తింపజేస్తున్నారు. వికలాంగులకి 2010 సమానత్వ చట్టం కింద సడలింపులిస్తున్నారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒకేచోట పడవ కట్టుకోవడానికి డబ్బు కట్టించుకుని చలికాలం రేవులు కేటాయిస్తున్నారు. డబ్బు తీసుకుని నాలుగు నెలలు ఇవ్వగలిగిన గట్టుని, బడి తెరిచి ఉన్న రోజుల్లో ఒక పిల్ల చదువు కోసం ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ ఒక్క మినహాయింపుని కాగితం మీద పెట్టాలని పడవ తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఇవ్వాల్సిందే.