పగ తీరిన తరువాత

తండ్రిని పోగొట్టుకొన్న కొడుకు పెరిగి పెద్దవాడై, దుష్టుల ముఠాను వెదకి వెదకి మట్టుపెట్టును. చివరి శత్రువు నేలకొరగగానే తెర పడును. మనము తృప్తితో ఇల్లు చేరుదుము. ఇట్టి చలనచిత్రములు మన పిల్లలకు ఎంతో ప్రియము. కాని "ఆ మరునాడు ఏమైనది?" అని అడిగిన విద్యార్థి అరుదు. ఆ ప్రశ్నకు సమాధానము జైనూరు పరిసరములలోని కొండల నడుమ ఉన్నది.

గోండు యువకుడు కొమురం భీము కథ మొదట అట్టి పగ కథ వలెనే కనిపించును. అతని తండ్రి అటవీ ఉద్యోగుల చేత మరణించినాడని జనశ్రుతి. పొట్ట చేతబట్టుకొని ఆ కుటుంబము సుర్దాపూరునకు వలసపోయినది. అక్కడ చెమటోడ్చి పండించిన పంటను, భూమి తనదంటూ సిద్దిఖ్ అనువాడు కాజేయ వచ్చినాడు. భీము కొట్టిన దెబ్బకు అతడు ప్రాణము విడిచినాడు.

చలనచిత్రమైనచో కథ అక్కడ ముగిసెడిది. భీము కథ అక్కడనే మొదలైనది. అతడు పరారియై అస్సాం తేయాకు తోటలలో కూలి చేసినాడు. తిరిగివచ్చి చూడగా సిద్దిఖ్ లేడు గాని, గోండుల భూమికి పట్టా లేదు; పశువుల మేతకు పన్ను తప్పలేదు; అడవిలో చేను కొట్టినవారిని తరిమివేయుట ఆగలేదు. శత్రువు ఒక మనిషి కాడని, ఒక ఏర్పాటని అతడు గ్రహించినాడు. సొంత పగను విడిచి, పన్నెండు గూడెముల హక్కు కొరకు నిలబడినాడు. 1940లో జోడేఘాట్ కొండపై నిజాం పోలీసుల కాల్పులలో అనుచరులతో సహా నేలకొరిగినాడు.

ఆ నెత్తురు వృథా కాలేదు. తిరుగుబాటునకు కారణములు విచారించుటకై నిజాం ప్రభుత్వము మానవశాస్త్రవేత్త హైమండార్ఫును నియమించినది. ఆయన నివసించిన మార్లవాయి నేటి జైనూరు మండలములోనిదే. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణా కేంద్రము వెలసినది. గోండీ వాచకములు తయారైనవి. క్రమముగా వేలాది గిరిజన కుటుంబములకు పట్టాలు లభించినవి. ఆ దంపతుల సమాధులు నేటికిని మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నవి.

ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు జోడేఘాట్‌లో జనము భీమును స్మరించుకొందురు. అతడు కొట్టిన దెబ్బను మన పిల్లలు సులభముగనే గుర్తుంచుకొందురు. ఆ దెబ్బతో తీరని అన్యాయమును తీర్చుటకు ఒక పోరాటము, ఒక పట్టా, ఒక పలక కావలసివచ్చినవని చెప్పవలసినవారు ఉపాధ్యాయులే.