నీడను కొలిచే నమూనా

భూపాలపల్లి పిల్లలకు బస్సు తెలుసు, సింగరేణి బొగ్గు లారీ తెలుసు. ట్రామ్ మాత్రం తెలియదు. అయినా తెలుగువారికి అది పరాయి వాహనమేమీ కాదు. 1895లో మద్రాసు వీధుల్లో విద్యుత్ ట్రామ్ నడక ప్రారంభించింది. చదువు కోసం, కొలువు కోసం, వ్యాపారం కోసం ఆ నగరానికి వెళ్ళిన తెలుగువారెందరో దాని కోసం నిరీక్షించినవారే. 1953 ఏప్రిల్‌లో మద్రాసు ట్రామ్ నిలిచిపోయింది. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది.

ఈ వేసవి సెలవుల్లో పాతకాలపు ట్రామ్ షెల్టర్ నమూనా ఒకటి ఇంటిల్లిపాదీ కలిసి తయారు చేయాలని మేము సూచిస్తున్నాము. ఇది కేవలం కాలక్షేపం కాదు. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

ముందుగా కొలతలు. పాత ఫొటోలో కొలతలు రాసి ఉండవు గాని, వాటికి ఆధారాలుంటాయి. కోల్‌కతా ట్రామ్ పట్టాల నడుమ ఎడం 1435 మిల్లీమీటర్లు. కూర్చునే బెంచీ ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు. ఫొటోలో షెల్టర్‌కు దగ్గరగా ఇలాంటి కొలత ఒక్కటి దొరికినా మిగిలినవి అంచనా వేయవచ్చు.

అసలులో 20వ వంతు నమూనా ఇంటికి అనుకూలం. అంటే ఒక మీటరు 5 సెంటీమీటర్లవుతుంది. 4 మీటర్ల పొడవు 20, 2 మీటర్ల వెడల్పు 10, 2.4 మీటర్ల చూరు ఎత్తు 12 సెంటీమీటర్లు. స్తంభాలకు చీపురు పుల్లల కట్టలు, గోడలకు పాత శుభలేఖల అట్టలు, బెంచీకి ఐస్‌క్రీం పుల్లలు చాలు. డబ్బా అట్ట పైపొరను ఒలిస్తే అచ్చం రేకుల కప్పులా ఉంటుంది. 8 సెంటీమీటర్ల అట్ట మనిషిని కత్తిరించి నిలబెట్టండి. కూర్చున్న బొమ్మ కూడా ఒకటి కావాలి.

ఇప్పుడు నమూనాను డాబా మీద ఉంచండి. నమూనాలో అన్నీ చిన్నవవుతాయి, సూర్యకిరణాల వాలు మాత్రం మారదు. కనుక అట్టముక్క చూపే నీడ అసలు కట్టడపు నీడకు సరైన సాక్ష్యమే. మే నెల నడుమ మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. అప్పుడు నీడ కప్పు కిందే ఉంటుంది. అస్ర్ వేళను నీడ పొడవును బట్టి గుర్తించడం మనకు తెలిసిందే. వస్తువు నీడ దాని ఎత్తుకు సమానమైనప్పుడు, పడమరకు తెరచి ఉన్న మన షెల్టర్‌ను చూడండి. నేల మీది కప్పు నీడ 12 సెంటీమీటర్లు తూర్పుకు జరిగి ఉంటుంది. షెల్టర్ వెడల్పేమో పదే! వెనుక బెంచీ మీద కూర్చున్న బొమ్మకు తల నీడలో ఉన్నా ఒడి, కాళ్ళు ఎండలోనే ఉంటాయి. ఆ ఒడిలో పసిబిడ్డ ఉంటే?

చలి దేశాల షెల్టర్లకు అద్దాల గోడలు పెట్టారు, గాలిని ఆపి వెలుతురును రానివ్వడానికి. మన ఎండకు అద్దం అడ్డు కాదు. పడమటి చూరును 5 సెంటీమీటర్లు ముందుకు పెంచి చూడండి, ఒడి వరకు నీడ వస్తుంది. చెక్క జాలీ నిలిపితే కాళ్ళకూ కొంత రక్షణ లభిస్తుంది.

ఆపైన పిల్లలతో మీ ఊరి బస్ షెల్టర్‌ను కొలిపించండి. అది ఏ దిక్కుకు తెరచి ఉందో రాయించండి. అదే లెక్కన మరో నమూనా చేసి, కౌన్సిలరుకో సర్పంచికో చూపించండి. బాటసారికి నీడ కల్పించడం ఎంత పుణ్యమో మన పెద్దలు చెబుతూనే ఉంటారు. ఆ నీడ సాయంత్రం దాకా నిలుస్తుందో లేదో కొలిచి చెప్పే పని మన పిల్లలు చేయగలరు.