పాముల్ని పెంచాలనుందేటి తమ్ముడూ? ముందు ఈ నాలుగు మాటలు విను

ఈ మధ్యన మా వైపు కుర్రోళ్ల ఫోన్లలో ఒక రకం వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఎక్కడో అమెరికాలో ఒకాయన ఇంట్లో గది నిండా అలమార్లు, అలమార్ల నిండా ప్లాస్టిక్ డబ్బాలు. ఒక్కో డబ్బా లాగితే ఒక్కో పాము. తెల్లది ఒకటి, పసుపుది ఒకటి, వంగపండు రంగుది ఇంకొకటి. వాటిని మెడకి చుట్టుకుంటాడు, గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్ముతాడు. అది చూసి మా కుర్రోళ్లు అడుగుతున్నారు: "అన్నా, మన కళ్లాల్లో, గట్ల మీద ఇన్ని పాములున్నాయి కదా, మనమేల పెంచకూడదు? ఉద్యోగాలెలాగూ లేవు. ఇదీ ఒక యాపారమే కదేటి?"

ఈ ప్రశ్నకి నవ్వీసి ఊరుకోడం నాకిష్టం లేదు. పాము కనబడగానే కర్ర అందుకునే ఊళ్లలో, పాముని పెంచుదాం అనే కుర్రోడు పుట్టాడంటే సంతోషించాల్సిందే. కానీ ఆ ఇష్టం తప్పుదారి పడితే జైలుకో ఆస్పత్రికో తీసుకుపోతాది. అందుకే ఉన్నదున్నట్టు చెప్తాను.

ఆ డబ్బాల్లో ఉన్నదేటి?

ఆ వీడియోల్లో ఎక్కువగా కనబడేది బాల్ పైథాన్, అంటే కొండచిలువల్లో చిన్న రకం. భయమేస్తే బంతిలాగ చుట్టుకుపోయి తల లోపల దాచుకుంటాది, అందుకే ఆ పేరు. దాని సొంత చోటు పశ్చిమాఫ్రికా, మధ్యాఫ్రికా. విషం లేదు, కోపం తక్కువ, నాలుగైదు అడుగులకి మించి పెరగడం తక్కువ. అందుకే పెంచేవాళ్లకి అదంటే ఇష్టం. దాని పక్క డబ్బాల్లో కార్న్ స్నేకులు, బోవాలు ఉంటాయి.

వాటిని బతికించడం వీడియోలో చూపించినంత సులువు కాదు. పాముకి మనలాగ ఒంట్లో వేడి పుట్టదు, బయట నుంచే తెచ్చుకోవాలి. అందుకని డబ్బాలో ఒక పక్క 31, 32 డిగ్రీల వెచ్చదనం, రెండో పక్క చల్లదనం రోజంతా ఉండాలి. దానికి హీటరు, థర్మోస్టాట్ కావాలి. తేమ తగ్గితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, కంటి మీద పొర ఉండిపోతాది. తేమ మరీ ఎక్కువై గాలాడకపోతే ఊపిరితిత్తుల జబ్బు వస్తాది. తిండికి ఫ్రీజర్లో దాచిన ఎలకలు కావాలి. బతికున్న ఎలకని వేస్తే, ఆకలి లేని పాముని ఎలకే కొరికి పుండు చేసీగలదు. బాల్ పైథాన్ 20, 30 ఏళ్లు బతుకుతాది. నువ్వు ఇంటరు చదివేటప్పుడు కొన్న పాము, నీ పిల్లలు ఇంటరుకి వచ్చినా ఇంట్లోనే ఉంటాది.

ఇక గుడ్ల సంగతి. ఆడపాము ఒక దఫాకి 3 నుంచి 11 గుడ్లు దాకా పెడతాది. వాటిని ఇంక్యుబేటరులో సుమారు రెండు నెలలు కదపకుండా ఉంచాలి. డబ్బంతా రంగులోనే ఉంది. అరుదైన రంగున్న పాముల్ని జత కలిపి, కొత్త రంగు పిల్లలు పుడితే ఎక్కువ రేటుకి అమ్ముతారు. వాటిలో స్పైడర్ అనే రకం ఉంది, ఒంటి మీద సాలెగూడు లాంటి గీతలతో చూడ్డానికి బాగుంటాది. కానీ ఆ గీతలిచ్చే జన్యువే దాని తూకాన్ని పాడుచేస్తాది. తల ఊగుతాది, పైకీ కిందకీ తేడా తెలీక మెలికలు తిరుగుతాది, ఎలకని కూడా సరిగ్గా అందుకోలేదు. ఆ ఊపు వీడియోల్లో పెద్దగా చూపించరు.

మన చట్టం ఏటి చెప్తాది?

మన దేశంలో పాముల్ని రెండు కుప్పలుగా చూడాలి: మన పాములు, పరాయి దేశం పాములు.

మన పాముల్ని పట్టుకోడం, ఇంట్లో ఉంచడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వేట అంటే చంపడమొకటే అనుకోకండి. ఆ చట్టం ప్రకారం బతికుండగా పట్టుకోడమూ వేటే, పాము గుడ్లు పాడుచేయడమూ గూడు కదపడమూ వేటే. 2022లో ఆ చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నాగుపాము, రక్తపింజర, మన పొలాల్లో తిరిగే జెర్రిపోతు కూడా ఇప్పుడు ఒకటో షెడ్యూలులోకి వచ్చీసాయి. కొండచిలువ ముందు నుంచీ అందులోనే ఉంది. ఒకటో షెడ్యూలు జంతువు మీద నేరం చేస్తే 3 నుంచి 7 ఏళ్లు జైలు, 25 వేలకి తగ్గని జరిమానా. జెర్రిపోతుని సీసాలో పెట్టి రీల్ తీసి పెట్టావనుకో, నీ మీద సాక్ష్యం నువ్వే ఇచ్చుకున్నట్టు.

పరాయి పాముల దారి వేరు. బాల్ పైథాన్ లాంటివి సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. 2020 జూన్‌లో కేంద్రం, ఇలాంటివి ఇంట్లో ఉన్నోళ్లు ఆరు నెలల్లోగా తమకి తాము చెప్పుకోవచ్చంది. 2022 సవరణతో అది చట్టంలోకే ఎక్కింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం అవి ఎవరి దగ్గరున్నా పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. కాబట్టి ఎవడైనా "కాగితాలక్కర్లేదు బ్రో, బస్సులో పార్సిల్ పంపీస్తాను" అన్నాడంటే, ఆ పాముతోపాటు కేసు కూడా పార్సిల్లో వచ్చినట్టే.

రెండు తలల పాముకి కోట్లిస్తారా?

పెంపకం కబుర్ల మాటున మన ఊళ్లలో నడిచే అసలు దందా ఇది. రెండు తలల పాముకి నిజంగా ఉన్నది ఒక్కటే తల. తోక మొద్దుగా, తలలాగే ఉంటాది, అంతే. శత్రువు వస్తే తల చుట్టల్లో దాచుకుని తోక పైకి చూపిస్తాది, దెబ్బ పడితే తోక మీద పడాలని. విషం లేదు. వదులు మట్టిలో దూరి ఉండి ఎలకల్ని తింటాది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటాది.

ఇంత సాధు జంతువు మీద ఎన్ని కథలు అల్లారో! ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తాదని, దాంతో మందు చేస్తారని, ఇన్ని కిలోలు తూగితే ఇన్ని కోట్లని. ఏ మందూ లేదు, ఏ లక్ష్మీ రాదు. ఈ యాపారంలో ఒకడు "పార్టీ ఉంది" అంటాడు, ఇంకొకడు అడ్వాన్సు అడుగుతాడు, ఇంకొకడు "బరువు పెరిగేదాకా నీ ఇంట్లో ఉంచు" అంటాడు. చివరికి దాడి జరిగిన రోజు పాము ఎవడి ఇంట్లో ఉంటాదో వాడే దొరుకుతాడు. ఆ ఇల్లు ఎప్పుడూ పేదోడిదే. "పార్టీ" అన్నవాడి ఫోను అప్పటికే స్విచ్చాఫ్.

విషప్పాముతో ఆటలు

ఇంకో రకం కుర్రోళ్లున్నారు, నాగుపాముని తోక పట్టి ఎత్తి లైవ్ పెడతారు. వాళ్ల ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒక లెక్క చెప్తాను వినండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువమంది పల్లెటూళ్లోళ్లే. చావులు ఎక్కువున్న 8 రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే, అంటే మన ఉడుపుల కాలంలోనే.

మన ఆస్పత్రుల్లో ఇచ్చే మందు నాలుగు పాముల విషంతో తయారైంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. గిరినాగు కాటుకి అది సరిపడే మందు కాదు. పరాయి దేశం విషప్పాముని తెచ్చి పెంచితే, అది కరిచిన రోజు దానికి తగ్గ మందు మన జిల్లాలో వెతికినా దొరకదు.

పాములు ఆడించేవాళ్ల బుట్టలో పాము కూడా సుఖపడదు. కోరలు పీకీస్తే నోరు పుండై తినలేక చస్తాది. నాగులచవితికి పుట్టలో పాలు పోయడం మన నమ్మకం, దాన్ని నేను కాదనను. కానీ పాము పాలు తాగే జంతువు కాదు. రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండబెట్టిన పాము ఏ ద్రవమైనా తాగుతాది. బుట్ట ముందు మనం చూసేది ఆ దాహమే.

పెంచి వదిలేస్తే ఏటవుతాది?

అమెరికాలో ఫ్లోరిడా అనే రాష్ట్రముంది. ఆసియా నుంచి బర్మా కొండచిలువల్ని పెంపకానికి తెచ్చుకున్నారు. చిన్నప్పుడు ముద్దుగా ఉన్నది పదిహేనడుగులు అయ్యేసరికి కొందరు తీసుకెళ్లి చిత్తడి అడవుల్లో ఒగ్గీసారు, కొన్ని తప్పించుకుపోనాయి. అవి అక్కడ పిల్లలు పెట్టుకుంటూ పోయాయి. 2012లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, కొండచిలువలు ఎక్కువ కాలంగా ఉన్న చోట రకూన్ అనే చిన్న జంతువులు కనబడ్డం 99 శాతం పైనే తగ్గిపోయింది.

వాటిని పట్టలేక 2017లో వాళ్లు ఎవర్ని పిలిపించుకున్నారో తెలుసా? మన పక్క తమిళనాడు ఇరుల గిరిజనుల్ని. వడివేల్ గోపాల్, మాసి సడయన్ అని ఇద్దరు. రెండు వారాలు తిరక్కుండానే 13 కొండచిలువల్ని పట్టించారు. 2023లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

ఈ ఇరుల వాళ్ల కథే మనకి కావాల్సింది. 1972 చట్టంతో పాము చర్మాల యాపారం ఆగిపోయి వాళ్ల పొట్ట కొట్టుకుపోయింది. 1978లో రోములస్ విటేకర్ సాయంతో చెన్నై దగ్గర సహకార సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వం అనుమతితో పాముల్ని పట్టి, కొన్ని వారాలుంచి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. పాముకాటు మందుకి కావాల్సిన విషం ఎక్కువగా వాళ్ల దగ్గర నుంచే వెళ్తాది. మన ఉత్తరాంధ్రలో కూడా పాముల మీద బతికిన కుటుంబాలున్నాయి. చట్టం వాళ్ల బుట్ట లాక్కుంది. బదులు ఏటిచ్చింది? వాళ్లకి, ఇష్టమున్న మన కుర్రోళ్లకి శిక్షణిచ్చి, గుర్తింపు కార్డు, బీమా ఇచ్చి, పాముల్ని పట్టి అడవికి చేర్చే పని జీతమిచ్చి అప్పగించమని మనం అడగాలి. అది యాపారం కాదు గానీ మంచి ఉద్యోగం.

మన కొండలే పెద్ద అలమారు

మనకున్న ఆస్తి ఏటో తెలిస్తే ఆ డబ్బాలు చిన్నవైపోతాయి. మహేంద్రగిరి దిగువ నుంచి సాలూరు దాటి మాడుగుల కొండల దాకా తూర్పు కనుమల్లో గిరినాగు ఉంది. ప్రపంచంలో విషప్పాములన్నిట్లోకీ పొడుగైనది ఇదే. 2024లో శాస్త్రవేత్తలు గిరినాగు ఒకే జాతి కాదు, నాలుగు జాతులని తేల్చారు.

అది గుడ్లు పెట్టే పద్ధతి చూడండి. ఎండాకాలంలో ఆడపాము ఎండుటాకుల్ని ఒంటితో ఈడ్చి ఈడ్చి కుప్ప చేస్తాది. పాముల్లో ఇలాగ గూడు కట్టేది ఇదొక్కటే. అందులో 20, 30 గుడ్లు పెట్టి పైన కాపలా పడుంటాది. ఆకులు కుళ్లుతుంటే పుట్టే వేడే గుడ్లకి హీటరు, పైనున్న ఆకుల పొరే వానకి గొడుగు. గుడ్లు పిగిలే ముందు తల్లి వెళ్లిపోతాది. జంటడుగు పిల్లలు నల్లటి ఒంటి మీద లేత పట్టీలతో బయటికొస్తాయి, పుట్టుకతోనే విషముంటాది. గిరినాగు ముఖ్యమైన తిండి ఇతర పాములే. మనం భయపడే నాగుపాముని కూడా మింగీగలదు.

ఇలాంటి గూడు జీడితోటలోనో, పోడు పక్క తుప్పల్లోనో కనబడితే మనోళ్లు ఏటి చేస్తారు? కిరసనాయిలు పోసి కాల్చీస్తారు. విశాఖ వైపు ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్లు ఊరోళ్లతో మాట్లాడి, గూళ్లకి కాపలా పెట్టి, పిల్లలు పొదిగేదాకా చూసి అడవిలో వదిలిన పని చేశారు. అక్కడైన పని మందసలో ఏల కాదు? సీతంపేటలో, పాచిపెంటలో ఏల కాదు?

కాబట్టి తమ్ముళ్లూ, సెల్లెళ్లూ, పాములంటే ఇష్టముంటే పనులున్నాయి. గూడు కనబడితే దూరంగా ఉండి అటవీశాఖ బీటు ఆఫీసరుకి ఫోన్ చేయండి, తోట యజమానికి ఓపిగ్గా చెప్పండి, అటు పశువుల్ని తోలొద్దనండి. ఇంట్లోకి పాము వస్తే శిక్షణున్నోళ్లని పిలవండి, మీరు చేయి పెట్టొద్దు. ఎవరికైనా కాటు పడితే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా 108లోనో, దొరికిన బండి మీదో బేగి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. కట్లపాము కాటు నొప్పి కూడా తెలీదు, వాపూ పెద్దగా ఉండదు. రాత్రి నేల మీద పడుకున్నోడు తెల్లారి కడుపునొప్పి, కళ్లు వాలిపోతున్నాయి అంటే అనుమానించండి. నేల మీద పడుకోవాల్సొస్తే దోమతెర పరుపు కింద దోపండి.

ఫోనుంది కదా, దానికీ పనుంది. దూరం నుంచి మీ ఊరి పాముల ఫొటోలు తీయండి. ఏది విషం, ఏది కాదు మీ అమ్మకి, మీ ఊరి రైతుకి చెప్పండి. ఒక ఊరోళ్లు జెర్రిపోతుని జెర్రిపోతని గుర్తుపట్టి ఒగ్గీస్తే, ఆ ఏడాది ఆ ఊరి గాదెల్లో ఎలకలకే కష్టం.