వీరాస్వామిని ఖాళీ చేయమన్నారు!

వీరాస్వామి...

ఈ పేరు వినగానే తెల్ల పంచె కట్టుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఏ గోదావరి జిల్లా పెద్దాయనో గుర్తొస్తాడు. కానీ ఈ వీరాస్వామి మనిషి కాదు, హోటలు. ఉండేది కూడా మన దగ్గర కాదు... లండన్‌లో! నగరం నడిబొడ్డున రీజెంట్ స్ట్రీట్‌లో, విక్టరీ హౌస్ అనే భవనం మొదటి అంతస్తులో 1926లో తలుపులు తెరిచింది. అప్పటి నుంచీ అదే చోటు. ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డాయి. తిండికి రేషన్ వచ్చింది. రాజులు మారారు, సామ్రాజ్యమే పోయింది. వీరాస్వామిలో మాత్రం పొయ్యి ఆరలేదు. 2025 నాటికి బ్రిటన్‌లో నడుస్తున్న భారతీయ రెస్టారెంట్లలో అన్నిటికన్నా పాతది అదే.

సరిగ్గా నూరేళ్ల పండగ చేసుకుందామనుకునే వేళకి, ఇంటాయన కబురు పెట్టాడు. లీజు పొడిగించడం కుదరదు, ఖాళీ చేయండి అని!

ఇంతకీ ఆ ఇంటాయన ఎవరు? కాగితాల మీద చూస్తే సాక్షాత్తూ బ్రిటన్ రాజుగారే. రీజెంట్ స్ట్రీట్‌లోని భవనాల్లో చాలా భాగం 'క్రౌన్ ఎస్టేట్' అనే సంస్థవి. రాచరికం పేరు మీద ఉన్న ఆస్తులను ఆ సంస్థ చూసుకుంటుంది. లాభాలు మాత్రం రాజు జేబులోకి వెళ్లవు, ప్రభుత్వ ఖజానాకు చేరతాయి. తమాషా ఏమిటంటే బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో విందులకు వంటలు చేసి పెట్టిన పేరు కూడా ఈ వీరాస్వామికి ఉంది. వండి పెట్టిన చేతికే ఖాళీ చేయమన్న నోటీసన్నమాట.

హైదరాబాదు బీరకాయ పీచు

లండన్ హోటలుకి వీరాస్వామి పేరేమిటి? పెట్టినాయన అసలు పేరు ఎడ్వర్డ్ పామర్. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. 1896లోనే 'వీరాస్వామి అండ్ కో' పేరుతో మన దేశపు మసాలా దినుసులు, పచ్చళ్లు ఇంగ్లండులో అమ్మడం మొదలుపెట్టాడు. సరుకు మీద వేసిన ముద్ర 'నిజాం'! ఒక పేరు దక్షిణాదిది, ఇంకో పేరు హైదరాబాదుది. అమ్మేవాడు దొర. కొనేవాళ్లు ఇండియాలో ఉద్యోగాలు చేసి తిరిగొచ్చి, కారం రుచి మరిచిపోలేక సతమతమయ్యే తెల్లవాళ్లు.

నిజాం పేరు ఊరికే రాలేదు. పామర్ ముత్తాతల్లో ఒకరు జనరల్ విలియం పామర్. ఆయన పెళ్లాడింది ఫైజ్ బక్ష్ అనే మొగలాయి బేగంను. వాళ్ల కొడుకు, ఆయన పేరూ విలియం పామరే, హైదరాబాదులో స్థిరపడి 'పామర్ అండ్ కంపెనీ' అనే వడ్డీ వ్యాపారం పెట్టాడు. సాదాసీదా వ్యాపారం కాదు. అప్పు తీసుకున్నది స్వయంగా నిజాం సికందర్ జా ప్రభుత్వం. నూటికి పాతిక రూపాయల దాకా వడ్డీ! అప్పు కొండంత పెరిగింది. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ లెక్కలన్నీ తవ్వి తీసేసరికి పెద్ద గొడవే అయింది.

ఆ అప్పు తీర్చిన తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న మన ఉత్తర సర్కారులను నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ తీసుకున్న సంగతి చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నదే. అందుకు ప్రతిగా నిజాంకు ఏటా 7 లక్షల రూపాయలు పేష్కష్ కట్టేది కంపెనీ. ఒక విధంగా మన జిల్లాలకు అద్దె అనుకోండి! 1823లో పామర్ల బాకీ వదిలించుకోవడానికి నిజాం ఆ రాబడినే వదులుకున్నాడు. కోటీ 16 లక్షల పైచిలుకు రూపాయలు ఒక్కసారే ఇచ్చేసి, కంపెనీ శాశ్వతంగా ఆ అద్దె ఎగ్గొట్టింది. నూరేళ్లు తిరిగాక అదే వంశంవాడు లండన్‌లో అద్దెకు దిగి హోటలు పెట్టాడు. మరో నూరేళ్లకు ఆ హోటలుకే అద్దె చిక్కు వచ్చిపడింది.

గాంధీ నుంచి చాప్లిన్ దాకా

1924లో లండన్ శివారు వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన జరిగింది. అక్కడ భారతదేశపు మండపంలో భోజనాల సంగతి చూసింది పామరే. జనం ఎగబడ్డారు. ఆ ధైర్యంతోనే రెండేళ్లకు రీజెంట్ స్ట్రీట్‌లో హోటలు తెరిచాడు. 1930లలో అది విలియం స్టీవార్డ్ అనే ఆయన చేతికి వెళ్లింది. తర్వాత్తర్వాత ఆయన పార్లమెంటు సభ్యుడయ్యాడు, హోటలు మాత్రం వదల్లేదు. తలపాగాలు చుట్టుకున్న సర్వర్లు, గోడల మీద మన దేశపు అలంకారాలు... అదో చిన్న ఇండియా. గాంధీ, నెహ్రూ, చర్చిల్, చార్లీ చాప్లిన్, ఇందిరాగాంధీ వచ్చివెళ్లారని వీరాస్వామి చెప్పుకునే జాబితా చాంతాడంత ఉంటుంది.

ఇంకో కథ కూడా ఉంది. ఇక్కడి కూర రుచికి మురిసిపోయిన డెన్మార్క్ రాకుమారుడు ఒకరు ఏటా తమ దేశపు బీరు ఒక పీపా పంపేవాడట. ఇంగ్లండులో కూరతో బీరు తాగే అలవాటు అలాగే మొదలైందని అంటారు. ఎంత నిజమో గానీ, హోటలుకి మాత్రం మంచి ప్రచారం!

పేరున్నవాళ్ల సంగతి అలా ఉంచితే, పేరులేనివాళ్ల రుణమే వీరాస్వామికి ఎక్కువ. సిల్హెట్ ప్రాంతం నుంచి ఓడల్లో పనికి వచ్చి లండన్‌లో దిగిపోయిన బెంగాలీ కుర్రాళ్లు ఇలాంటి వంటిళ్లలో అంట్లు తోమారు, ఉల్లిపాయలు తరిగారు, పని నేర్చుకున్నారు. బయటికొచ్చి సొంతంగా హోటళ్లు పెట్టుకున్నారు. ఇవాళ ఇంగ్లండులో ఏ చిన్న ఊరికి వెళ్లినా కనిపించే 'కర్రీ హౌస్'ల వెనక ఆ చేతులున్నాయి.

1990లలో రంజిత్ మత్రాని, నమితా పంజాబీ దంపతులు వీరాస్వామిని తీసుకున్నారు. పాతబడి వెలవెలబోతున్న దాన్ని మళ్లీ నిలబెట్టారు. 2016లో మిషెలిన్ స్టార్ వచ్చింది. తొంభయ్యేళ్ల ముసలి హోటలుకి అదేమీ చిన్న సంగతి కాదు.

తగువంతా 11 చదరపు మీటర్లు

మరి ఖాళీ చేయమనడం దేనికి? భవనం పాతబడింది, మొత్తం బాగుచేయాలి, పై అంతస్తుల్లోని ఆఫీసులను ఈ కాలానికి తగ్గట్టు మార్చాలి అన్నది క్రౌన్ ఎస్టేట్ మాట. అందుకు కింద ఆఫీసుల ప్రవేశ ద్వారం పెద్దది చేయాలి. హోటలుకి వెళ్లే దారి ఉన్నది అక్కడే. అటూ ఇటూ కలిపి కావలసింది సుమారు 11 చదరపు మీటర్లు. మన లెక్కలో ఓ చిన్న పడకగది! దారి పోతే హోటలు లేనట్టే. వేరే చోటు చూసుకోవడానికి సాయపడతాం, పరిహారమూ ఇస్తాం అని కూడా ఆ సంస్థ చెప్పింది. పూర్తిగా కాదనలేని మాటే. ఖజానాకు రాబడి తేవలసిన బాధ్యత దానిది. ఖరీదైన వీధిలో ఆఫీసులకు వచ్చే అద్దె ముందు భోజన హోటలు ఎప్పుడూ చిన్నబోతుంది.

కానీ హోటలుని ఎత్తుకెళ్లి ఇంకో చోట పెట్టడం అంత తేలికా? గిన్నెలు వెళతాయి, వంటవాళ్లు వెళతారు. పెళ్లినాడు తాత కూర్చున్న బల్ల దగ్గరే మనవడిని కూర్చోబెట్టే మురిపెం వెళ్లదు. నూరేళ్లుగా పేరు పెంచింది అద్దెకున్నవాడు. ఆ పేరు వల్ల వీధికి పెరిగిన విలువ మాత్రం గోడలున్నవాడిది. ప్రపంచంలో ఏ ఊళ్లోనైనా అద్దె హోటలు కథ ఇంతే.

లండన్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. స్ట్రాండ్ వీధిలోని 'ఇండియా క్లబ్'. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1951లో మొదలైంది. అప్పటి మన హైకమిషనర్ వి.కె. కృష్ణ మీనన్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. మెట్లెక్కి వెళితే దోసె, సాంబారు, పాతకాలపు కుర్చీలు... చదువుకోడానికి వెళ్లిన కుర్రాళ్లకు చవకలో కడుపు నిండే చోటు. భవనాన్ని కొంత పడగొట్టి మార్చాలని యజమానులు పెట్టుకున్న దరఖాస్తును 2018లో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ తిరస్కరించింది. వేలమంది సంతకాలు చేశారు. గెలిచామనుకున్నారు. ఆ తర్వాత కరోనా వచ్చింది, గిరాకీ పడిపోయింది, ఖర్చులు పెరిగాయి. 2023 సెప్టెంబర్ 17న ఆఖరి దోసె వడ్డించి తలుపులు మూసేశారు. ఆరోజు బయట వీధిలో బారులు తీరినవాళ్లలో సగంమంది ఏడాదికి నాలుగుసార్లు వచ్చి ఉంటే మూతపడేది కాదేమో!

మన దగ్గరైతే...

ఇది దొరల దేశం గొడవ కదా అనిపించవచ్చు. కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టంలోనూ మరమ్మతుకో, పడగొట్టి కట్టుకోడానికో యజమాని ఖాళీ చేయించే వీలుండేది. ఏజెన్సీలో సంగతి ఇంకో రకం. పెదబయలు, పాడేరు లాంటి మండలాల్లో 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు అక్కడ స్థిరాస్తి కొనకూడదు. లీజుని కూడా ఆ చట్టం బదలాయింపు కిందే లెక్కిస్తుంది. కొండల మీది భూమి గిరిజనుల చేయి జారకుండా కాపాడే చట్టమది, దాన్ని తప్పుపట్టడానికి లేదు. అయితే మైదానం నుంచి వెళ్లి ఇడ్లీ హోటలు పెట్టుకుందామనుకునేవాడికి చెల్లే కాగితం ఉండదు. ఇంటాయన మాట ఎంతకాలం నిలిస్తే అంతకాలమే పొయ్యి. అదే పెదబయలులో ఓ గిరిజన మహిళ సొంత వాకిట్లో పొయ్యి వెలిగించి టీ కాస్తే, ఆమెను లెమ్మనేవాడు లేడు. వీరాస్వామికి లేని భాగ్యం అది!

వీరాస్వామికి ఉన్నది మరో రకం అండ. ఇంగ్లండులో 1954 నాటి చట్టం ఒకటి ఉంది. దాని రక్షణ ఉన్న వ్యాపారాన్ని, లీజు గడువు తీరినంత మాత్రాన బయటికి నెట్టడానికి వీల్లేదు. భవనం బాగుచేసే ఉద్దేశం నిజంగానే ఉందని యజమాని కోర్టులో నిరూపించాలి. 2025 జూన్‌లో వీరాస్వామి లీజు ముగిసింది. వివాదం కోర్టు దారి పట్టింది. హోటలుని కాపాడమంటూ ఊరివాళ్లు, పైఊళ్లవాళ్లు కూడా సంతకాలు చేశారు. ఇంటాయన పెట్టిన గడువు దాటిపోయాక కూడా రీజెంట్ స్ట్రీట్ మొదటి అంతస్తులో బల్లలు వేస్తూనే ఉన్నారు, కూరలు వండుతూనే ఉన్నారు.