అక్షి కటకము - ఎన్నిక

విశాఖపట్టణమునకు నక్షత్ర పరిశీలనము నేటి వేడుక కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు డాబా గార్డెన్సులోని తన గృహమున సొంత ధనముతో వేధశాలను నెలకొల్పెను. ఆయన యనంతరము అల్లుడగు అంకితం వెంకట నర్సింగరావు దానిని పోషించెను. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా సాగిపోవుచుండగా ఆయన ఆరంగుళముల దూరదర్శినితో ఆ వింతను పరిశీలించెను.

అంత వ్యాసముగల దూరదర్శినులు నేడు ఔత్సాహికుల ఇండ్లలోను కానవచ్చును. కాని వానిని కొనువారు మొదట అడుగునది "ఇది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపును?" అని. ఆ ఆశతో మిక్కిలి శక్తిగల అక్షి కటకమును కొని, మసక బింబమును చూచి, నిరాశతో దూరదర్శినిని అటకపై పెట్టినవారు కలరు.

దూరదర్శినిలో వెలుగును ప్రోగుచేయునది ముందున్న వస్తు కటకము, లేదా దర్పణము. అది కూర్చిన ప్రతిబింబమును పెద్దదిగా చేసి కంటికి చూపునది అక్షి కటకము. మొదటిదాని నాభ్యంతరమును రెండవదాని నాభ్యంతరముచే భాగించినచో, వస్తువు ఎన్ని రెట్లు పెద్దదిగా కనబడునో తెలియును. దీనినే ఆవర్ధనమందురు. 150 మి.మీ. వ్యాసము, 1200 మి.మీ. నాభ్యంతరముగల దూరదర్శినికి 25 మి.మీ. అక్షి కటకము 48 రెట్లు, 15 మి.మీ.ది 80 రెట్లు, 6 మి.మీ.ది 200 రెట్లు ఆవర్ధనము నిచ్చును.

హెచ్చు సంఖ్యయే మేలని తోచవచ్చును. అట్లు కాదు. గరిటెడు పిండిని పెనముపై ఎంత వెడల్పుగా పరచిన దోసె అంత పలుచనగును. పోగైన వెలుగును విస్తరింపజేసినను అంతే. మరియు పగలెల్ల కాగిన మేడలు, వీధులు రాత్రి వేడిని విడుచుచుండుటచే గాలి అలలాడును. 200 రెట్ల కటకము ఆ వణకును గూడ అన్ని రెట్లు పెంచును. గాలి నిలకడగానుండు రాత్రులందే అది పనికివచ్చును.

25 మి.మీ. కటకము విశాలముగా చూపును గనుక వస్తువును వెదకుటకు మంచిది. అయితే రేవు దీపములు, ఉక్కు కర్మాగారపు కాంతి ఆవరించిన ఆకాశము దానిలో బూడిదవన్నెగా కనబడును. 15 మి.మీ. కటకములో ఆ నేపథ్యము నల్లబడును; నక్షత్రములు మాత్రము చుక్కలుగనే మెరయును. దాని దృశ్యకోణము 60 డిగ్రీలైనచో, 80చే భాగింపగా ముప్పాతిక డిగ్రీ ఆకాశము కనబడును. చంద్రబింబము అర డిగ్రీయే కనుక సంపూర్ణముగా ఇముడును. శని వలయములు, గురుని నాలుగు పెద్ద చంద్రులు దానిలో చక్కగా గోచరించును. కావున ఒక్కటే కొనగలిగిన విద్యార్థి ఈ నడిమి కటకమునే కొనవలెను.

కొనుటకు ముందు దాని గొట్టపు వ్యాసము తన దూరదర్శినికి సరిపోవునో లేదో చూడవలెను. కంటద్దములు ధరించువారు, కటకమునకు కంటికి నడుమ 15 నుండి 20 మి.మీ. ఎడమున్నను దృశ్యమంతయు కనబడుదానిని ఎన్నుకొనవలెను. సముద్రపు తేమకు కటకములపై బూజు పట్టును. వాడిన పిదప ఆరనిచ్చి మూతపెట్టి, పొడిచోట నుంచవలెను. సూర్యుని మాత్రము, దూరదర్శిని ముందుభాగమున తగిన సౌర వడపోత లేనిదే, క్షణమైనను చూడరాదు, చూపు పోవును.

పెద్దదిగా చూచుట వేరు, స్పష్టముగా చూచుట వేరు. ఈ భేదము నెరిగినవాని దూరదర్శిని అటక నెక్కదు.